ఔషధసేవనము – ఉద్యోగార్హత

(డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసము)



డాక్టరు ఎల్లాప్రగడ సుబ్బారావుగారి స్మృతికి అంకితమైన ఈ సభలో మాటాడు అవకాశము లభించుట నా భాగ్యము. 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించి, సంగ్రహణి వ్యాధి ఇద్దరు సోదరులను కొలదిదినముల వ్యవధిలో బలిగొనగా, తానును ఆ వ్యాధివాతనే పడి ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికి బయటపడి, మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించిన నేరమునకు ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగ ఎల్.ఎం.ఎస్. పత్రముతో తృప్తిచెందవలసివచ్చి, బోస్టను నగరము చేరి, పొట్టగడచుటకై ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేయుచు, పగలు జీవరసాయనశాస్త్రమును మథించిన మహనీయుడాయన. ఆ ఆసుపత్రివారు ఉద్యోగమిచ్చుటకు ముందు, పూర్వము వచ్చిన వ్యాధియేది, సేవించిన మందులేవి అని అడిగి, సంగ్రహణి పేరు వినినంతనే పొమ్మనియుండినచో ఏమి జరిగియుండెడిదో ఊహింపుడు. నేటి నా ఉపన్యాసవిషయమునకు ఈ ప్రశ్నయే ప్రవేశద్వారము.

1929లో ఫిస్కే పండితునితో కలిసి ఏ.టి.పి. యను జీవశక్తిద్రవ్యమును గూర్చి లోకమునకు తెలిపిన సుబ్బారావుగారు, 1940లో లెడర్లీ ప్రయోగశాలలో చేరి, ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసిన బృందమునకు నాయకత్వము వహించిరి. ఆ పరిశోధన నుండియే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ అను మందులు పుట్టినవి. 1947-48లో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు రక్తకర్కటముతో మృత్యుముఖమున నున్న పిల్లలకు అమినోప్టెరిన్ ఇచ్చి, తాత్కాలికముగనైనను వ్యాధిని నిలువరింపగలిగెను. గోదావరీతీరవాసులు బోదకాలునకు మ్రింగిన డైఇథైల్‌కార్బమజీన్ బిళ్లయు ఆ ప్రయోగశాల ప్రసాదమే. 1948 ఆగస్టులో 53 ఏండ్ల వయసున సుబ్బారావుగారు కన్నుమూసిరి. ఆనాడు ప్రాణరక్షణకై పుట్టిన మెథోట్రెక్సేట్ నేడు కీళ్లవాతపు రోగులకు వారమున కొకమారు ఇచ్చు మందుగ స్థిరపడినది. వ్రేళ్లు వంగక, గుప్పిలి మూయలేక మంచము పట్టవలసిన మనిషి దాని బలమున కుట్టుమిషను ముందో, కంప్యూటరు ముందో కూర్చుండి తన జీతము తాను సంపాదించుకొనుచున్నాడు. అట్టివానికి మందు వికలతకు గుర్తు కాదు, సామర్థ్యమునకు ఆధారము. అయినను ఉద్యోగములో చేరునప్పటి వైద్యపరీక్ష పత్రములో "ఏవైన మందులు వాడుచున్నారా" యను ప్రశ్న ఎదురైనపుడు అతని కలము ఆగిపోవును. ఆ ఆగిన కలమును గూర్చియే నేను ముచ్చటింపదలచితిని.

ఉద్యోగమునకు శరీరార్హత అను భావము పారిశ్రామికయుగమున, అందును ముఖ్యముగ రైలుమార్గములతో బలపడినది. స్వీడను దేశమున లాగర్లుండా వద్ద 1875లో రెండు రైళ్లు ఢీకొనగా, దానికి వర్ణాంధత కారణమై యుండవచ్చునని శంకించిన హోల్మ్‌గ్రెన్ పండితుడు రంగురంగుల ఉన్నిదారములతో రైలుసిబ్బంది కన్నులను పరీక్షింపనారంభించెను. ఎఱుపును ఆకుపచ్చను వేఱుచేసి చూడలేనివాడు సంకేతదీపమును చదువలేడు గదా! 1917లో జపానుదేశీయుడైన ఇషిహారా ప్రకటించిన చుక్కల పటములు నేటికిని మన రైల్వే ఆసుపత్రులలో అభ్యర్థుల ముందు తెఱవబడుచున్నవి. మన రైల్వేలలో లోకో పైలట్ ఉద్యోగమునకు ఏ-1 అను అత్యున్నత వైద్యశ్రేణి నిర్ణయింపబడినది. చేరిన పిమ్మట 45వ ఏడు వచ్చువఱకు నాలుగేండ్ల కొకమారును, 55 వఱకు రెండేండ్ల కొకమారును, ఆపైన ఏటేటను పరీక్ష జరుగును. 1955 నాటి గనుల నియమావళి సింగరేణి వంటి గనులలో చేరగోరువానికి ప్రారంభ పరీక్షను, తరువాత అయిదేండ్లకు మించని వ్యవధిలో పునఃపరీక్షను విధించినది. భోపాల్ దుర్ఘటన అనంతరము 1987లో ఫ్యాక్టరీల చట్టమునకు చేర్చిన 41-సి విభాగము, ప్రమాదకరమైన ప్రక్రియలలో నియోగించుటకు ముందును, నియోగించిన పిదప 12 నెలల కొకమారును కార్మికుని పరీక్షింపవలెనని యజమానిని ఆదేశించినది.

ఈ పరీక్షలన్నియు అవసరములే. కాని ఇవియన్నియు ఒక దినమున, ఒక గడియలో దేహస్థితి ఎట్లున్నదో చూచి వ్రాసిన సాక్ష్యములు. చూపు, వినికిడి నెలల తరబడి ఇంచుమించు ఒకే తీరున నుండును గావున ఆ సాక్ష్యము కొంతకాలము చెల్లును. మందు సంగతి అట్లు కాదు. అది నేడు మొదలుకావచ్చును, రేపు మోతాదు మారవచ్చును, ఎల్లుండి మానివేయబడవచ్చును. ఒకే రోజున ఉదయము ఒక తీరుగను, సాయంకాలము వేఱొక తీరుగను పనిచేయును. రైల్వేలలో లోకో పైలట్ విధిలో చేరునపుడు ఊదు శ్వాసపరీక్షాయంత్రము మద్యమును పసికట్టును. అతడు గంటక్రితము జలుబునకు మ్రింగిన బిళ్లను మాత్రము పసికట్టదు. కనుక మందు విషయమున యంత్రము చేయలేని పనిని మనిషి నోటి సత్యమే చేయవలెను. ఆ సత్యము బయటికి వచ్చుటకు అనువైన పరిస్థితి ఉన్నదా లేదా యనునదే అసలు ప్రశ్న.

మొదట మందుల స్వభావమును కొంచెము విచారింతము. తుమ్ములు, దురద, జలుబు మున్నగువానికి వాడు ఆంటిహిస్టమిన్ మందులు మనకు మిక్కిలి పరిచితములు. వానిని వెలుగులోనికి తెచ్చినవారిలో ప్రముఖుడైన డేనియల్ బోవే 1957లో నోబెల్ బహుమతి నందెను. హిస్టమిన్ అను ద్రవ్యము ముక్కులో తుమ్మును, చర్మములో దద్దురును పుట్టించుటయే గాక, మెదడులో మెలకువను నిలుపు పనిని గూడ చేయును. క్లోర్‌ఫెనిరమిన్, ఫెనిరమిన్, డైఫెన్‌హైడ్రమిన్ వంటి పూర్వతరపు మందులు రక్తమునుండి మెదడులోనికి సులువుగ ప్రవేశించి, ముక్కునకు చేయు మేలుతోపాటు మెలకువకు కీడు చేయును. 2000 సంవత్సరమున అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమువారు, తుమ్ముల వ్యాధిగల 40 మందిని కృత్రిమ వాహనయంత్రములో కూర్చుండబెట్టి, ఒకమారు డైఫెన్‌హైడ్రమిన్, ఒకమారు నూతనతరపు ఫెక్సోఫెనడిన్, ఒకమారు మద్యము, ఒకమారు వట్టిబిళ్ల ఇచ్చి పరీక్షించిరి. ఫెక్సోఫెనడిన్ తీసికొన్ననాడు వారు వట్టిబిళ్ల నాటివలెనే నడపిరి. డైఫెన్‌హైడ్రమిన్ తీసికొన్ననాడు మద్యము త్రాగిన నాటికన్నను హీనముగ నడపిరి. ఇంతకన్న గమనింపదగిన విశేష మింకొకటి కలదు. తామెంత మగతగ నున్నామని వారు చెప్పిన మాటకును, వారి నడపుటలో కనబడిన లోపమునకును సరియైన పొంతన కుదురలేదు. "నాకేమియు మగతగ లేదు, నేను బాగుగనే యున్నాను" అని నిజాయితీతో పలుకు మనిషి గూడ పొరబడవచ్చునని దీనివలన తేలుచున్నది.

ఇట్టిదే నిద్రమాత్రల వృత్తాంతము. రాత్రి వేసికొన్న మాత్ర తెల్లవాఱుసరికి దిగిపోవునని సామాన్యుల నమ్మకము. డయజిపామ్ వంటి మందు దేహములో ఒకటి రెండు దినములు, దానినుండి పుట్టు ఉపద్రవ్యము అంతకన్నను ఎక్కువకాలము నిలుచును. ప్రతిరాత్రియు వేసికొన్నచో నిన్నటి శేషముపై నేటి మోతాదు పేరుకొనును. జోల్పిడెమ్ అను మందు త్వరగ దిగునదే యైనను, స్త్రీల దేహములో అది నిదానముగ దిగుటచే మఱునాటి ఉదయమున వాహనము నడపుట ప్రమాదకరమగుచున్నదని గుర్తించి, 2013 జనవరిలో అమెరికా ఔషధ నియంత్రణసంస్థ స్త్రీలకు సిఫారసుచేయు మోతాదును 10 మిల్లీగ్రాముల నుండి 5కు తగ్గించినది. మందు ఒకటే యైనను మనిషిని బట్టి దాని ప్రభావము మారునని చెప్పుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు.

వ్యాధి పేరును బట్టి నిర్ణయము చేయుట ఎంత అసంగతమో మధుమేహము చక్కగ తెలుపును. మెట్‌ఫార్మిన్ మాత్రమే వాడువానికి రక్తములో చక్కెర ప్రమాదకరముగ పడిపోవుట అరుదు. గ్లిబెన్‌క్లమైడ్ వాడువాడో, ఇన్సులిన్ తీసికొనువాడో వేళకు భోజనము చేయనిచో చెమటలు పట్టి, చేతులు వణకి, మాట తడబడి, తుదకు స్పృహ తప్పవచ్చును. కచ్చేరీలో బల్లయొద్ద పనిచేయు గుమాస్తా రెండు బిస్కత్తులు నమిలి తేరుకొనును. ఎత్తైన క్రేనుపై నున్నవానికి ఆ అవకాశము లేదు. వారిద్దరిని "షుగరు రోగులు" అను ఒకే మాటతో ముడివేసి, ఒకే ముద్ర వేయుట శాస్త్రమునకును న్యాయమునకును విరుద్ధము. ప్రాజోసిన్ వంటి రక్తపోటు మందును క్రొత్తగా మొదలుపెట్టినవానికి చటుక్కున లేచి నిలుచుండినపుడు కన్నులు చీకట్లు క్రమ్మవచ్చును. కొలది దినములు నేలమీది పని ఇచ్చినచో చాలును. మూర్ఛవ్యాధికి మందు క్రమముగ వేసికొనువానికన్న, ఉద్యోగము పోవునేమో యని రహస్యముగ మానివేసినవాడే ఎక్కువ ప్రమాదకారి. మందు తీసికొనుట వలన మాత్రమే గాక, తీసికొనవలసినవాడు తీసికొనకుండుట వలనను అపాయము కలుగునను సంగతి మన పరీక్షాపత్రములలో ఎక్కడను కానరాదు.

ఇక, క్రొత్త ఉద్యోగి విషయమున ఇది మఱింత జటిలమగుటకు కారణములు కలవు. చేరినంతనే అతని దినచర్య తలక్రిందులగును. ఇంటివద్ద రాత్రి పదిగంటలకు అన్నము తిని వేసికొను మందు, రాత్రి షిఫ్టు పడినపుడు ఏవేళకు వేసికొనవలెనో చెప్పువారుండరు. మూర్ఛ గలవానికి నిద్రాభంగమే వ్యాధిని రెచ్చగొట్టును. అలవాటుగ చూపించుకొను వైద్యుడు సొంత ఊరిలోనే ఉండిపోవును. అన్నింటిని మించి, ఉద్యోగము ఇంకను స్థిరము కాలేదను భయము అతనిని వెంటాడును. 2025 నవంబరు వఱకు అమలునందుండిన 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము ప్రకారము సంవత్సరములో 240 దినములు పనిచేసినవానికి గాని జీతముతోడి సెలవు దక్కెడిది కాదు. ఇ.ఎస్.ఐ. పథకమున చేరిన తొలిదినము నుండియే వైద్యము లభించుట గొప్ప సంగతియే. కాని జబ్బుపడిన దినములకు జీతములో 70 శాతము చొప్పున, ఏడాదికి 91 దినములకు మించకుండ ఇచ్చు నగదు సహాయము మాత్రము, ఆఱునెలల చందాకాలములో 78 దినముల చందా చెల్లినవానికే అందును. అనగా క్రొత్తవానికి మందు దొరకును, విశ్రాంతి దొరకదు. అతడేమి చేయును? జ్వరమునకొక బిళ్ల, దగ్గునకొక సిరప్, నొప్పికొక మాత్ర వేసికొని పనిలోనికి పోవును. దీనిని అజాగ్రత్త యనుటకన్న నిస్సహాయత యనుటయే సత్యము.

భయము సత్యమును ఎట్లు దాచిపెట్టునో, దాచిన సత్యము ఎంత మూల్యమడుగునో, లోకము 2015 మార్చి 24వ తేదీన చూచినది. బార్సెలోనా నుండి డ్యుసెల్‌డార్ఫ్‌నకు పోవు జర్మన్‌వింగ్స్ విమానమును దాని సహవైమానికుడు బుద్ధిపూర్వకముగ ఆల్ప్స్ పర్వతములకు ఢీకొట్టగా 150 మంది మరణించిరి. అతడు ఉద్యోగములో చేరి అనేక సంవత్సరములు కాలేదు. మానసికవ్యాధికి మందులు వాడుచుండెను; విధికి తగడని వైద్యులు వ్రాసి ఇచ్చిన పత్రములను యజమానికి చూపక దాచెను; గోప్యతానియమమునకు బద్ధులైన వైద్యులు సంస్థకు తెలుపలేదు. దర్యాప్తుచేసిన ఫ్రెంచి సంస్థ మఱుసటి సంవత్సరము ప్రకటించిన నివేదికలో, ఉద్యోగము పోవునను భయము, దానితోడి ఆర్థికనష్టము వైమానికులను మౌనమునకు పురికొల్పుచున్నవని గుర్తించి, ఆ నష్టమును తగ్గించు ఏర్పాట్లును, తోడివారే అండగనుండు సహాయబృందములును కావలెనని సిఫారసు చేసినది. మానసికవ్యాధికి మందు వాడువారెల్లరు ప్రమాదకారులని దీనినుండి అర్థము తీయువారు పొరబడుచున్నారు. అట్టివారిలో అత్యధికసంఖ్యాకులు ఎవరికిని కీడు చేయక, మందు బలముననే తమ పనులను చక్కగ నిర్వహించుకొనుచున్నారు.

ఉద్యోగప్రవేశ సమయమున దాచిన సత్యమునకు నిదర్శనము గ్లాస్గో నగరమున కలదు. 2014 డిసెంబరు 22వ తేదీన ఆ నగరసభవారి చెత్తలారీని నడపుచున్న డ్రైవరు స్పృహతప్పగా, లారీ పాదచారులపైకి దూసికొనిపోయి ఆరుగురు మరణించిరి. అంతకు నాలుగేండ్లముందు బస్సు డ్రైవరుగ విధిలో నుండగా స్పృహ కోల్పోయిన సంగతిని అతడు ఆ ఉద్యోగమునకు దరఖాస్తు చేసినపుడు వెల్లడింపలేదని విచారణలో తేలినది. ప్రశ్నాపత్రముండెను; ప్రశ్నయు ఉండెను; సమాధానము మాత్రము లేకపోయెను.

దీనికి ప్రతిగ, సత్యమునకు త్రోవ తెఱచిన ఉదాహరణయు నున్నది. విషాదవ్యాధికి మందు వాడు వైమానికులను అమెరికా విమానయాన పాలకులు చిరకాలము అనర్హులుగ పరిగణించిరి. దాని ఫలితముగ కొందఱు మందు మానివేసి, కొందఱు దాచి, ఎగురుచునే యుండిరి. 2010 ఏప్రిలులో ఆ విధానమును సడలించి, ఫ్లుయొక్సెటిన్, సెర్ట్రలిన్, సిటలోప్రామ్, ఎస్సిటలోప్రామ్ అను నాలుగు మందులలో ఒకదానిని వాడుచు స్థిరముగ నున్నవారికి, వైద్యపర్యవేక్షణకు లోబడి విడివిడిగ అనుమతి నొసగు పద్ధతిని వారు ప్రవేశపెట్టిరి. నియమము సడలుటచే భద్రత తగ్గునని వాదించువారికి నా సమాధాన మొక్కటే: చీకటిలో వాడు మందుకన్న వెలుతురులో వాడు మందు వేయిరెట్లు క్షేమకరము.

మన తెలుగుబిడ్డలు వేలకొలది ఉద్యోగములు చేయుచున్న అమెరికాలో ఈ విషయమున న్యాయశాస్త్రము నడచిన దారి మనకు పరిశీలనార్హము. అక్కడి 1990 నాటి వికలాంగుల చట్టము ప్రశ్నింపదగిన కాలమును మూడుగ విభజించినది. ఉద్యోగము ఇచ్చెదమని చెప్పుటకు పూర్వము యజమాని వ్యాధులను గూర్చి గాని మందులను గూర్చి గాని అడుగరాదు. ఇచ్చెదమని చెప్పిన పిమ్మట, చేరుటకు ముందు, ఆ తరగతి ఉద్యోగమున చేరు వారినందఱిని సమానముగ ప్రశ్నించినచో అడుగవచ్చును. చేరిన తరువాత, పనికి నేరుగ సంబంధించి, నిజమైన ఆవశ్యకత ఉన్నపుడు మాత్రమే అడుగవచ్చును. రవాణాశాఖ మాదకద్రవ్య పరీక్షలలో మఱియొక మెలకువ కలదు. మూత్రపరీక్షలో కోడీన్ వంటిది కనబడినంతనే ఆ వార్త యజమానికి పోదు. మొదట ఒక సమీక్షకవైద్యుడు అభ్యర్థితో స్వయముగ మాటాడి, వైద్యుడు వ్రాసిన చీటీ నిజమా కాదా యని విచారించును. నిజమైనచో దోషము లేదనియే తెలుపును. ఆ మందు పనికి అపాయకరమని తోచినచో, దానిని మార్చుటకు వీలున్నదేమో ఆ చీటీ వ్రాసిన వైద్యుడు తనతో సంప్రదించుటకు అయిదు పనిదినముల గడువిచ్చి, పిమ్మటనే సంస్థకు తన సందేహమును తెలియజేయును. యజమానికిని రోగికిని నడుమ జ్ఞానమును గోప్యతయు గల ఒక మనిషి నిలుచుండుట ఈ పద్ధతి ప్రాణము.

మన దేశమున ఇట్టి మధ్యస్థు డింకను రూపొందలేదు గాని, ఆధారభూతములైన చట్టములు లేకపోలేదు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రభుత్వసంస్థలలో వైకల్యము కారణముగ వివక్ష చూపుటను నిషేధించి, ఉద్యోగకాలమున వైకల్యము ప్రాప్తించినవానిని తొలగింపక, అదే జీతముపై తగిన పనికి మార్చవలెనని శాసించినది. 2017 నాటి మానసిక ఆరోగ్యసంరక్షణ చట్టము రోగి వివరములకు గోప్యతను హక్కుగ చేసినది. అదే సంవత్సరపు హెచ్.ఐ.వి. చట్టము ఆ పరీక్షను ఉద్యోగమునకు షరతుగ పెట్టరాదనినది. ఇంకొకవైపున 1988 నాటి మోటారువాహన చట్టము, మందు ప్రభావమున వాహనముపై అదుపు కోల్పోవుస్థితిలో నడపుటను 185వ విభాగమున నేరముగ పేర్కొని, తన వ్యాధి జనులకు అపాయకరమని ఎఱిగియు నడపువానిని 186వ విభాగమున శిక్షార్హుని చేసినది. హక్కును బాధ్యతయు రెండును శాసనమున నున్నవి. వానిని కలుపు ఆచారమే కొఱవడినది.

ఆ కొఱతకు మన ఊళ్లలోని మందుల వాడుక రీతియు కొంత కారణము. మందుల షాపునకు పోయి "జలుబునకు, ఒళ్లునొప్పులకు ఏదైన ఇమ్ము" అని అడుగుటయు, అతడు రెండు మూడు రకముల బిళ్లలను పేరు, గడువుతేదీ కనబడని కత్తిరింపుముక్కలుగ పొట్లముగట్టి ఇచ్చుటయు మనకు నిత్యానుభవము. గ్రామములలో ఆర్.ఎం.పి. అని పిలువబడు వైద్యుడు ఇచ్చిన సూదిమందు పేరేమో రోగికి తెలియదు. తాను మ్రింగినదేదో తెలియనివాడు పరీక్షాపత్రములో ఏమని వ్రాయును? 2014 మార్చి 1వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన ఔషధ నియమావళిలోని హెచ్-1 పట్టిక అల్‌ప్రజోలామ్, డయజిపామ్, జోల్పిడెమ్ వంటివానిని అమ్మునపుడు వైద్యుని పేరు, రోగి పేరు పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱచవలెనని దుకాణదారుని ఆదేశించినది. ఇంత కట్టడిలోనున్న అల్‌ప్రజోలామ్ తెలంగాణ పల్లెలలో కల్తీకల్లు రూపమున ఎఱుకలేని జనుల గొంతులోనికి దిగినది. ఆ కల్లునకు అలవాటుపడిన యువకుడు పట్టణపు కర్మాగారమున చేరి, అది దొరకక ఒక్కసారిగ మానినపుడు వణకు, భ్రాంతి, మూర్ఛ పైకొనవచ్చును. తోడివారు దానిని దయ్యమనియో నటన యనియో తలంతురు. పనిస్థలములోని వైద్యుడు దీనిని గుర్తింపలేకున్న మఱెవ్వరు గుర్తింతురు?

ఫ్రాన్సు దేశమున 2005 నుండి మందుపెట్టెలపై మూడంతస్తుల హెచ్చరికచిహ్నములు ముద్రించుచున్నారు. పసుపురంగు త్రికోణము జాగ్రత్త వహింపుమనును. నారింజరంగుది వైద్యునో మందులదుకాణదారునో అడిగిన తరువాతనే వాహనము నడపుమనును. ఎఱుపురంగుది నడపనే వలదనును. అక్షరాస్యత లేనివాడును ఆ రంగులను చదువగలడు. మన దేశమున హెచ్చరికవాక్యములు సాధారణముగ సన్నని ఇంగ్లీషు అక్షరములలో అణగియుండును. తెలుగునాట అమ్ముడగు ప్రతి మగతమందుపైనను ఒక రంగుగుర్తు, ఒక తెలుగువాక్యము ఉండవలెనని కోరుట అత్యాశ కాజాలదు.

ఈ విచారణ యంతటి ఫలితముగ నాకు తోచిన కర్తవ్యములను మనవిచేసెదను. యజమానులు మొట్టమొదట ప్రతి ఉద్యోగమునకు కావలసిన శక్తులేవో స్పష్టముగ వ్రాసిపెట్టవలెను: మెలకువయా, చూపా, ఎత్తున నిలుకడయా, చేతిబలమా అని. అటుపిమ్మట అభ్యర్థిని "నీకేమి వ్యాధి" అని గాక, "ఈ పనికి అడ్డువచ్చునది ఏదైన నీవు వాడుచున్నావా" అని అడుగవలెను. ఆ సమాధానము వైద్యుని యొద్దనే ఉండవలెను; సిబ్బందిశాఖకు "తగును", "ఈ నిబంధనతో తగును", "ఇంతకాలము తగడు" అను మూడు మాటలలో ఒకటి మాత్రమే చేరవలెను. నిజము చెప్పినవానికి మందు సరిపడువఱకు జీతము తగ్గని వేఱు పని చూపవలెను. అతని ప్రొబేషను కాలమును ఆ కారణమున నడుమనే ముగింపరాదు. చిల్లులేని భద్రతావ్యవస్థ కావలెనని కోరు సంస్థ దానికి కావలసిన వ్యయమును క్రొత్తవాని జీతమునుండి రాబట్టుట న్యాయము కాదు.

వైద్యసోదరులకు నా మనవి యిది. చీటీ వ్రాయుటకు ముందు "ఏమి పని చేయుదువు, ఏవేళ చేయుదువు" అని అడుగుడు. బస్సు నడపువానికి తుమ్ములకు క్లోర్‌ఫెనిరమిన్ బదులు ఫెక్సోఫెనడిన్ వ్రాయుటకు అరనిమిషము పట్టదు. రాత్రిషిఫ్టువానికి మోతాదు వేళను మార్చి వ్రాసియిచ్చుట అతని ఉద్యోగమును, ఒకప్పుడు పదుగురి ప్రాణములను కాపాడును. మందులదుకాణదారులు మగతమందు ఇచ్చునపుడు ఆ ఒక్కమాట నోటితో చెప్పుటను ధర్మముగ పాటింపవలెను. కార్మికసంఘములు వేతనసవరణ కోర్కెల పట్టికలో, మందును గూర్చి నిజము చెప్పినవానికి రక్షణ యను కోర్కెను గూడ చేర్చవలెను.

తుదకు, ఉద్యోగములలో క్రొత్తగా చేరుచున్న యువతీయువకులారా, మీతో ఒక్కమాట. మీరు వాడు ప్రతి మందు పేరును, మోతాదును, వేళను ఒక చీటీపై వ్రాసి జేబులో ఉంచుకొనుడు. క్రొత్తమందు మొదలుపెట్టిన తొలిదినములలో యంత్రమును గాని వాహనమును గాని ముట్టుటకు ముందు వైద్యుని అడుగుడు. మగత లేదని మీ మనస్సు చెప్పినను, ఆ మాటను మాత్రమే నమ్మకుడు. ఉద్యోగభయముచే నిత్యము వాడవలసిన మందును ఎన్నడును మానకుడు. మందు వాడుట దోషము కాదు; దానిని దాచవలసిన పరిస్థితిని కల్పించుట దోషము. ఆ పరిస్థితిని తొలగించు బాధ్యత మా పెద్దలది. అది తొలగినచోట సత్యము చెప్పు బాధ్యత మీది. ఈ రెండు బాధ్యతలును ఒకేసారి నెరవేరవలెను గాని, మొదటిది నెరవేరకుండ రెండవదానిని మీపై మోపు హక్కు ఏ సంస్థకును లేదు.